మోడెమ్ ఎంతసేపు ఆగాలి?

ల్యాండ్‌లైను తీగ తగిలించి వాడే స్వైపింగ్ మిషన్లలో చాలావాటికి మోడెమ్ వేగం సెకనుకు 2,400 బిట్లు. కొన్నిటికి 1,200 మాత్రమే. ఇళ్లల్లో కంప్యూటర్లకు 56,000 బిట్ల మోడెమ్‌లు వచ్చి చేరాక కూడా ఈ మిషన్లు పాత వేగాన్ని వదల్లేదు. ఖర్చు ఒక్కటే దానికి కారణం కాదు. లెక్క వేసి చూస్తే ఆ ఎంపికే సరైనది.

సీరియల్ లైను మీద ఒక్కో అక్షరానికి ముందొక స్టార్ట్ బిట్, వెనకొక స్టాప్ బిట్ కలిపి 10 బిట్లు పడతాయి. 2,400ను 10తో భాగిస్తే సెకనుకు 240 అక్షరాలు. కార్డు నంబరు, బిల్లు మొత్తం, దుకాణం గుర్తింపు అన్నీ కలిసి 150 అక్షరాలని అనుకుందాం. అవి వెళ్లడానికి 0.63 సెకను చాలు. అదే 33,600 బిట్ల మోడెమ్ అయితే 0.045 సెకనులో పంపేస్తుంది. మనకు మిగిలింది అర సెకను పైచిలుకు. కానీ 33,600 వేగం అందుకోవాలంటే రెండు వైపుల మోడెమ్‌లూ లైనును పరీక్షించుకుని ఒక ఒప్పందానికి రావాలి. దానికే పది సెకన్లు దాటుతుంది. 56,000 అయితే 20 సెకన్లకు అటూ ఇటూ. అర సెకను ఆదా కోసం కౌంటరు దగ్గర నిలబడ్డ మనిషిని అన్ని సెకన్లు అదనంగా నిలబెట్టడం దండగ. సిలికాన్ ల్యాబ్స్ కంపెనీ పరికరాల్లో అమర్చే మోడెమ్ చిప్‌లను 56,000, 33,600, 14,400, 2,400 అని నాలుగు వేగాల్లో అమ్మింది. ఆఖరి దానికీ కొనేవాళ్లు ఉన్నారు కాబట్టే దాన్ని తయారుచేసింది.

మనం ఫోన్ చేసేటప్పుడు రిసీవరు ఎత్తి టోను వస్తోందో లేదో వింటాం. నంబరు తిప్పాక అవతల మోగుతోందా, ఎంగేజ్‌లో ఉందా అన్నది చెవికే తెలిసిపోతుంది. ఎవరూ ఎత్తకపోతే ఇక చాలనుకుని పెట్టేస్తాం. మీటరులోనో, లిఫ్టులోనో, దొంగల అలారం పెట్టెలోనో బిగించిన మోడెమ్ పక్కన ఆ వినే మనిషి ఉండడు. ఒక చిన్న మైక్రోకంట్రోలరు, దానికీ మోడెమ్‌కూ మధ్య నాలుగైదు తీగలు, అంతే. మనిషి చెవితో, ఓపికతో చేసే పనులన్నీ ఆ తీగల మీద అక్షరాలుగా, అంకెలుగా వెళ్లాలి. అందుకే ఇలాంటి మోడెమ్‌ను ఎంచేటప్పుడు నేను ముందుగా వేగం చూడను. దేనికోసం ఎన్ని సెకన్లు ఆగమని దానికి చెప్పారో చూస్తాను. ఆ అంకెలు సరిగ్గా కుదిరిన పెట్టె ఎవరూ తొంగిచూడకపోయినా పనిచేస్తూనే ఉంటుంది. కుదరనిది పదో రోజుకల్లా మెకానిక్కును పిలిపిస్తుంది.

ఈ అక్షరాల భాష 1981లో వచ్చింది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో డెనిస్ హేస్, డేల్ హెదరింగ్టన్ అనే ఇద్దరు కలిసి స్మార్ట్‌మోడెమ్‌ను తయారుచేశారు. దాని వేగం 300 బిట్లే. అంతకుముందు చాలాచోట్ల మనిషే నంబరు తిప్పి, రిసీవరును తీసి మోడెమ్ మీది రబ్బరు కప్పుల్లో బోర్లించేవాడు. స్మార్ట్‌మోడెమ్ తానే లైను ఎత్తి, తానే నంబరు తిప్పి, ఏం జరిగిందో మాటల్లో చెప్పేది. ఆ ఆజ్ఞలకు వేరే తీగ అక్కర్లేదు, సమాచారం వెళ్లే తీగ మీదే అవీ వెళ్తాయి. హేస్ కంపెనీ 1999లో మూతపడింది. భాష మాత్రం అప్పటికే అందరిదీ అయిపోయింది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ దానికి వి.250 అనే ప్రమాణం కూడా రాసింది.

దాదాపు ప్రతి ఆజ్ఞా ‘ఏటీ’తో మొదలవుతుంది. ఈ రెండు అక్షరాల పొందిక దగ్గర నుంచి చూడదగ్గది. కంప్యూటరు ఏ వేగంతో మాట్లాడబోతోందో మోడెమ్‌కు ముందుగా తెలియదు. ఆస్కీ పట్టికలో ఇంగ్లిషు ‘ఏ’ విలువ 65, బైనరీలో 1000001. సీరియల్ లైను కుడి చివరి బిట్‌ను ముందు పంపుతుంది. అంటే స్టార్ట్ బిట్‌గా 0 వెళ్లిన వెంటనే 1 వస్తుంది. లైను కిందికి దిగి ఎంతసేపటికి మళ్లీ లేచిందో కొలిస్తే అదే ఒక బిట్ నిడివి. అది 3.33 మిల్లీ సెకన్లయితే వేగం 300, 0.417 అయితే 2,400, 0.104 అయితే 9,600. వెనకే వచ్చే ‘టీ’ విలువ 84, బైనరీలో 1010100. ‘ఏ’లో 1లు రెండు, ‘టీ’లో మూడు. ఒకటి సరి, ఒకటి బేసి. కాబట్టి తప్పులు పట్టడానికి కలిపే ప్యారిటీ బిట్ ఏ పద్ధతిలో పెట్టారో ఆ రెండిటినీ పక్కపక్కన చూస్తే తేలిపోతుంది. రెండూ స్మాల్ లెటర్లయితే 1లు మూడు, నాలుగు, అప్పుడూ తేలుతుంది. క్యాపిటల్ ‘ఏ’ పక్కన స్మాల్ ‘టీ’ పెడితే మాత్రం రెండు, నాలుగు. రెండూ సరి సంఖ్యలే. అందుకే పాత మోడెమ్‌లు ఆ కలగలుపును ఒప్పుకోవు. రెండు అక్షరాలతో పలకరింపు, వేగం, ప్యారిటీ మూడూ తెలిసిపోయేలా చేసిన ఆ పనితనానికి చేతులెత్తి మొక్కాలి.

తర్వాతి పని నంబరు తిప్పడం. ‘ఏటీడీపీ’ అంటే పాత డయలు పద్ధతిలో పల్సులు, ‘ఏటీడీటీ’ అంటే టోన్లు. ఒకప్పుడు సంచార్‌నెట్ అనే డయలప్ ఇంటర్నెట్ సేవ కోసం మనవాళ్లు తిప్పిన 172233ను తీసుకుందాం. పల్సు పద్ధతిలో సెకనుకు పది పల్సులు వెళ్తాయి. ఈ ఆరంకెలకు 18 పల్సులు, అంటే 1.8 సెకన్లు. అంకెకూ అంకెకూ మధ్య 0.8 సెకను చొప్పున ఐదు విరామాలు వేస్తే ఇంకో 4. మొత్తం 5.8 సెకన్లు. టోన్లలో ఒక్కో అంకెకు రెండేసి స్వరాలు కలిసి మోగుతాయి. ఒకటికి 697, 1,209 హెర్ట్జ్. ఏడుకు 852, 1,209. చాలా మోడెమ్‌లలో ఆ మోత 95 మిల్లీ సెకన్లు, తర్వాత అంతే విరామం. ఆరంకెలకు 1.14 సెకన్లు సరిపోతాయి. ఆఫీసు ఇంటర్‌కమ్‌లో ముందు సున్నా నొక్కి బయటి లైను పట్టుకోవాలంటే సున్నా తర్వాత ఒక కామా పెడతారు. ఆ కామాకు రెండు సెకన్లు ఆగమని అర్థం. ఎంతసేపన్నది ఎస్8 అనే రిజిస్టరులో రాసి ఉంటుంది, కావాలంటే మార్చుకోవచ్చు.

మనదేశంలో ఎక్కువమంది బోల్తా పడేది డయల్ టోను దగ్గర. మన ఎక్స్ఛేంజీ ఇచ్చేది 400 హెర్ట్జ్ మోత. దాన్ని 25 హెర్ట్జ్‌తో ఊపుతూ ఆపకుండా పంపుతుంది. అమెరికాలో డయల్ టోను 350, 440 హెర్ట్జ్‌ల జంట. మన ఎంగేజ్ టోను 400 హెర్ట్జే, 0.75 సెకను మోత, 0.75 సెకను మౌనం. అమెరికాది 480, 620 హెర్ట్జ్‌ల జంట, అర సెకనుకొకసారి ఆగి మోగుతుంది. అవతలి ఫోను మోగుతోందని మనకు వినిపించే టోను 0.4 సెకను మోగి, 0.2 ఆగి, మళ్లీ 0.4 మోగి, 2 సెకన్లు ఆగుతుంది, మూడు సెకన్లకు ఒక చుట్టు. అమెరికాలో రెండు సెకన్లు మోత, నాలుగు సెకన్లు మౌనం. మన చెవికి ఈ తేడాతో పనిలేదు, ఏ దేశంలోనైనా టోనును టోనుగానే గుర్తుపడుతుంది. అమెరికా లెక్కలతో వచ్చిన మోడెమ్ మాత్రం మన లైను ఎత్తి, తనకు కావలసిన మోత దొరక్క ‘నో డయల్‌టోన్’ అని చెప్పి పెట్టేస్తుంది. లైను బాగానే ఉంటుంది. ఫోను తగిలిస్తే టోనూ వినిపిస్తుంది. పెట్టె మాత్రం పనిచేయదు.

దీనికి అందరూ వాడిన చిట్కా ‘ఏటీఎక్స్3’. టోను కోసం చూడకుండా, ఎస్6 రిజిస్టరులో ఉన్న రెండు సెకన్లు ఆగి నంబరు తిప్పెయ్యమని దానర్థం. పని జరుగుతుంది. కానీ తీగ తెగిపోయిన రోజున కూడా మోడెమ్ నంబరు తిప్పుతూనే ఉంటుంది. వెంటనే తెలియాల్సిన లోపం జవాబు కోసం ఆగే సమయమంతా గడిచాక గానీ బయటపడదు. సరైన మందు దేశం కోడు సరిచేయడం. ‘ఏటీ+జీసీఐ’ ఆజ్ఞకు హెక్సాడెసిమల్‌లో 53 ఇస్తే భారతదేశం, బీ5 ఇస్తే అమెరికా. ఆ సౌకర్యం ఉన్న మోడెమ్‌కు ఒక్క ఆజ్ఞతో మన టోన్లు తెలిసొస్తాయి. అది ఉండగా కూడా ఎక్స్3తో సరిపెట్టుకోవడం బద్ధకమే.

ఇప్పుడు ఎస్7కు వద్దాం. నంబరు తిప్పాక అవతలి మోడెమ్ స్వరం కోసం ఎన్ని సెకన్లు ఆగాలో అందులో రాసి ఉంటుంది. చాలావాటిలో ముందే 50 అనో 60 అనో పెట్టి ఇస్తారు. అంత ఎందుకో కూడితే తెలుస్తుంది. లైను ఎత్తి ఆగడం 2 సెకన్లు, నంబరు 1.1, అవతల ఒక చుట్టు మోత 3, ఎత్తిన మోడెమ్ పాటించాల్సిన మౌనం సుమారు 2, ఆ తర్వాత 2,100 హెర్ట్జ్ జవాబు స్వరం 3.3. మొత్తం 11.4 సెకన్లు. ఎక్స్ఛేంజీలు కాల్ కలపడానికి తీసుకునే సమయం ఇందులో కలపలేదు. మోడెమ్‌ల మధ్య ఒప్పందం ఇంకా మొదలే కాలేదు. 0.63 సెకను మాటకు ఇంత తతంగం! స్వైపింగ్ మిషన్ల కోసం ‘ఫాస్ట్ కనెక్ట్’ అని పెట్టింది ఈ జవాబు స్వరాన్నీ, ఒప్పందాన్నీ కత్తిరించడానికే.

ఇక్కడ ప్రోగ్రాము రాసేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సినది ఒకటుంది. నంబరు తిప్పి, ‘కనెక్ట్’ అనే జవాబు ఇంకా రాకముందు, మైక్రోకంట్రోలరు ఒక్క అక్షరం పంపినా మోడెమ్ ఆ కాల్‌ను రద్దు చేస్తుంది. ఎస్7లో 50 ఉంచి, ప్రోగ్రాములో మాత్రం 30 సెకన్లకే విసిగి ఇంకోసారి ‘ఏటీ’ అని పలకరించారనుకోండి, కుదరబోతున్న కాల్ చేతులారా పోతుంది. లాగ్‌లో ‘నో క్యారియర్’ కనిపిస్తుంది, నింద లైను మీద పడుతుంది. ప్రోగ్రాము ఆగే సమయం ఎప్పుడూ ఎస్7 కన్నా ఎక్కువగానే ఉండాలి.

కాల్ కలిశాక చిక్కు ఇంకో రకం. సమాచారానికీ ఆజ్ఞలకూ తీగ ఒక్కటే కాబట్టి, ఇకమీదట పంపే ప్రతి అక్షరమూ అవతలికి వెళ్లిపోతుంది. మరి ‘పెట్టెయ్’ అని మోడెమ్‌కే చెప్పడం ఎలా? మూడు ప్లస్ గుర్తులు, +++, పంపాలి. సమాచారంలోనే ఆ మూడు గుర్తులు వస్తే ఏమిటన్న ప్రశ్నకు హెదరింగ్టన్ ఇచ్చిన జవాబుకు 1985లో పేటెంటు దక్కింది. ముందు ఒక సెకను మౌనం, తర్వాత ఒక సెకను మౌనం ఉంటేనే ఆ గుర్తులకు ఆజ్ఞ విలువ. ఎస్12 రిజిస్టరులో ఉండే 50 ఇదే, సెకనులో 50వ వంతు చొప్పున లెక్క. అక్షరాలు ధారగా వెళ్తున్నప్పుడు మధ్యలో వచ్చే +++ను మోడెమ్ పట్టించుకోదు. మొత్తం భాషలో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా తోచేది ఈ మౌనమే. పేటెంటు ఫీజు తప్పించుకోవడానికి కొందరు తయారీదారులు దీన్ని వదిలేశారు. ఫలితం 1990లలో కనిపించింది. ‘+++ఏటీహెచ్0’ అన్న అక్షరాలను ఒక పింగ్ ప్యాకెట్‌లో పెట్టి ఎవరికైనా పంపితే, వాళ్ల కంప్యూటరు వాటినే తిరిగి పంపబోయేది, ఆ దారిలో వాళ్ల మోడెమే అది తనకిచ్చిన ఆజ్ఞ అనుకుని ఫోను పెట్టేసేది.

మౌనానికి కూడా ఖరీదుంది. ముందూ వెనకా కలిపి రెండు సెకన్లు, అంటే మనం పంపిన మాటకు మూడు రెట్లు. రోజుకు 300 కాల్స్ చేసే మిషన్‌లో 600 సెకన్లు, పది నిమిషాలు. +++ తర్వాత అలవాటుగా ఎంటర్ నొక్కితే వెనక మౌనం చెడి ఆజ్ఞే చెల్లదు. అందుకే పరికరాల్లో చాలామంది డీటీఆర్ అనే తీగను వాడతారు. ‘ఏటీ&డీ2’ అని ముందే చెప్పి ఉంచితే, ఆ తీగ మీద సంకేతం తీసేయగానే మోడెమ్ ఫోను పెట్టేస్తుంది. బోర్డు మీద ఒక్క తీగకు చోటుంటే నేనైతే ఇదే చేయమంటాను.

ల్యాండ్‌లైన్లు తగ్గిపోయినా ఈ భాష పోలేదు. మొబైల్ మాడ్యూళ్లకు కూడా ఇదే ఆధారం, వాటి అదనపు ఆజ్ఞలు మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ వారి 27.007 పత్రంలో ఉన్నాయి. ఆంధ్ర, తెలంగాణల్లో బోరు మోటార్లకు బిగించే మొబైల్ స్టార్టర్లలో జరిగేది కూడా ఇదే. రైతు ఇంటి నుంచి ఫోన్ చేస్తాడు. మాడ్యూల్ ‘రింగ్’ అని చెబుతుంది. ముందే ‘ఏటీ+క్లిప్=1’ ఇచ్చి ఉంటే ఫోన్ చేసినవారి నంబరూ చెబుతుంది. మైక్రోకంట్రోలరు ఆ నంబరు తన జాబితాలో ఉందో లేదో చూసి, ‘ఏటీహెచ్’ అని కాల్ కట్ చేసి, రిలేను కలుపుతుంది. తిరిగి రైతుకు ఫోన్ చేయాలంటే ‘ఏటీడీ’, నంబరు, చివర ఒక సెమీకోలన్. ఆ సెమీకోలన్ లేకపోతే మాడ్యూల్ దాన్ని మాట్లాడే కాల్ అనుకోదు, 1981 నాటి పద్ధతిలో డేటా కాల్ కోసం ప్రయత్నిస్తుంది.

ఇలాంటి పెట్టెలు సొంతంగా తయారుచేస్తున్న విద్యార్థులకూ, పొలాల్లో బిగించే మెకానిక్కులకూ ఒక మాట. స్టార్టరును గోడకు కొట్టే ముందు ఆ చోటునే ‘ఏటీ+సీఎస్‌క్యూ’ అని అడిగి చూడండి. 0 నుంచి 31 లోపు ఒక అంకె వస్తుంది. దాన్ని రెండింతలు చేసి అందులోంచి 113 తీసేస్తే సిగ్నల్ బలం డీబీఎంలలో తెలుస్తుంది. 10 వస్తే మైనస్ 93. జవాబులో 99 వస్తే మాడ్యూల్‌కు సిగ్నల్ సంగతే అంతుపట్టలేదని అర్థం. అంకె 10కి దిగువన ఉంటే యాంటెన్నాను ఇంకాస్త పైకి కట్టి, మళ్లీ అడిగి, అప్పుడు బిగించండి.