జింకకు ఎర వేసినా.. అదీ వేటే!

రీల్స్ తిప్పుతుంటే మీకూ ఎప్పుడో ఒకసారి కనిపించే ఉంటుంది. అమెరికాలో ఒకాయన అడవి అంచున చిన్న మడి దున్ని విత్తనాలు చల్లుతాడు. కొన్ని నెలలకు ఆ పచ్చదనం మేయడానికి జింకలు వస్తాయి. ఆయన మంచె మీద తుపాకీ పట్టుకుని కూర్చుంటాడు. ఈ మడినే అక్కడ ‘ఫుడ్ ప్లాట్’ అంటారు. అంటే జింకల కోసమే వేసే పంట అన్నమాట.

మన బౌరంపేట, దుండిగల్, మేడ్చల్, శామీర్‌పేట వైపు ఇప్పుడు ఎటు చూసినా ఫామ్‌హౌస్‌లే. ఆ వీడియో చూసి ‘మన జాగాలో కూడా ట్రై చేస్తే?’ అని ఎవరికైనా అనిపించొచ్చు. అనిపిస్తే ముందు ఇది చదవండి.

అక్కడ ఎలా నడుస్తుంది?

అమెరికాలో ఎక్కువగా వేటాడేది తెల్లతోక జింకని. 1900 ప్రాంతంలో విచ్చలవిడి వేట వల్ల వాటి సంఖ్య దాదాపు 5 లక్షలకు పడిపోయింది. తర్వాత సీజన్లు, లైసెన్సులు, కోటాలు పెట్టారు. తుపాకులు, తూటాల మీద వచ్చే పన్నును వన్యప్రాణుల కోసం ఖర్చు పెట్టాలని 1937లో చట్టం తెచ్చారు. ఇప్పుడు ఆ జింకలు దాదాపు 3 కోట్లు ఉంటాయని అంచనా. అందుకే అక్కడ వేటకు అనుమతి ఉంది.

ఫుడ్ ప్లాట్ వేయడం కూడా వ్యవసాయమే. మట్టి పరీక్ష చేయిస్తారు, పులుపు నేలైతే సున్నం చల్లుతారు. క్లోవర్, ఓట్స్, సోయా, టర్నిప్ లాంటివి వేస్తారు. మంచు పడ్డాక టర్నిప్ ఆకు తియ్యబడుతుంది, జింకలు దానికోసం ఎగబడతాయి. వాటికి వాసన పసిగట్టే శక్తి చాలా ఎక్కువ. అందుకే తన వాసన వాటివైపు పోకుండా గాలివాటం చూసుకుని మరీ వేటగాడు కూర్చుంటాడు.

అయితే అక్కడ కూడా అన్నిచోట్లా ఒకే రూల్ లేదు. పంట వేస్తే ఓకే, మొక్కజొన్న కుప్ప పోసి పిలిస్తే మాత్రం నేరం అనే రాష్ట్రాలు చాలా ఉన్నాయి. జింకలన్నీ ఒకే కుప్పలో మూతి పెడితే రోగాలు అంటుకుంటాయని భయం. 1967లో కొలరాడోలో తొలిసారి కనిపించిన ‘క్రానిక్ వేస్టింగ్ డిసీజ్’ మెదడును తినేసి జింకను చంపుతుంది. దానికి మందు లేదు.

ఇక్కడ సీన్ వేరే

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకల వేట నేరం. ‘నా భూమి, నా గడ్డి’ అంటే కుదరదు. పొలం మీదే అయినా జింక మీది కాదు. ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఈ చట్టం ప్రకారం వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు వేయడం, తరమడం, ఎర పెట్టి రప్పించడం, వీటికి ప్రయత్నించడం కూడా వేటే! అంటే తుపాకీ పేలకముందే, మేత చూపించి రప్పించిన దగ్గరే నేరం మొదలైపోతుంది.

కృష్ణజింక మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాన్ని వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల జరిమానా. సల్మాన్ ఖాన్ కేసు గుర్తుందిగా? 1998 నాటి ఘటనకు జోధ్‌పూర్ కోర్టు 2018లో 5 ఏళ్ల శిక్ష వేసింది. ఆయన బెయిల్ మీద బయటికొచ్చి అప్పీలుకు వెళ్లారు. ఇక చుక్కల జింక అంటారా, అది తెలంగాణ రాష్ట్ర జంతువు!

నిజాం వేట నుంచి హరిణ వనం దాకా

ఒకప్పుడు మన దగ్గరా వేట జోరుగానే సాగింది. వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలి నిజాం వేట మైదానమే. మహావీరుడి 2500వ నిర్వాణ ఉత్సవాల సందర్భంగా 1975లో ఆ పేరు వచ్చింది. మెదక్ వైపు పోచారం అడవి కూడా అంతే, వేట జాగా కాస్తా 1952లో అభయారణ్యం అయింది. ఇప్పుడు అక్కడ జింకల పెంపక కేంద్రం ఉంది.

మన దగ్గరా గడ్డి పెంచుతారు.. పులి కోసం!

తమాషా ఏంటంటే, మన అటవీ శాఖ కూడా ఒకరకంగా ‘ఫుడ్ ప్లాట్లు’ వేస్తుంది. కవ్వాల్, అమ్రాబాద్ టైగర్ రిజర్వుల్లో పిచ్చి మొక్కలు తీసేసి గడ్డి మైదానాలు పెంచుతారు, నీళ్ల కోసం సాసర్ పిట్లు కడతారు. గడ్డి ఉంటే జింకలు, జింకలుంటే పులి. ఒక పులికి ఏడాదికి జింకంత జంతువులు 50 దాకా కావాలి. వాటి సంఖ్య తగ్గకుండా అన్ని దొరకాలంటే చుట్టూ 500 దాకా ఉండాలని నిపుణుల లెక్క. మేత సరిపోకపోతే మహారాష్ట్రలోని తాడోబా నుంచి కవ్వాల్‌కు వచ్చిన పులి నిలవదు, పశువుల మీద పడుతుంది. అప్పుడు నష్టపోయేది ఊరివాళ్లే.

మరి మనమేం చేయాలి?

వీకెండ్‌లో శామీర్‌పేట జింకల పార్కుకు వెళ్తే కంచెలోంచి చిప్స్, బ్రెడ్ పెట్టకండి. జింక ఆవులాగే నెమరు వేసే జంతువు. ఆకు, గడ్డికి అలవాటు పడిన కడుపులోకి ఒక్కసారిగా పిండి పదార్థం పోతే లోపల ఆమ్లం పెరిగిపోతుంది. ప్రాణం కూడా పోవచ్చు. అమెరికాలో చలికాలంలో జాలిపడి మొక్కజొన్నలు పోస్తే, కడుపు నిండా తిన్న జింకలు చచ్చిపోయిన సందర్భాలున్నాయి.

అడవి పక్కన జాగా ఉంటే కంచెకు కరెంటు పెట్టొద్దు. అది జింకనీ చంపుతుంది, తెల్లారి పొలానికొచ్చే మనిషినీ చంపుతుంది. కుక్కలను రాత్రిపూట వదలొద్దు. జింక దారి తప్పి వస్తే వెంటపడి వీడియోలు తీయొద్దు, బెదిరి పరిగెత్తితే ఆ షాక్‌కే చచ్చిపోవచ్చు. గుంపును దూరం పెట్టి అటవీ సిబ్బందికి ఫోన్ చేయండి. మేస్తున్న పంట మీదైతే నష్టం ఫొటోలు తీసి పరిహారానికి దరఖాస్తు పెట్టుకోండి.

ఆ రీల్ మళ్లీ కనిపిస్తే లైక్ కొట్టుకోండి, ఇబ్బందేం లేదు. విత్తనాలు మాత్రం ఆర్డర్ పెట్టకండి!