నావ మరమ్మతు: ముందేది, వెనుకేది?

తెరచాప నావకు శత్రువులు పెక్కు. ఎండకు కొయ్య బీటలువాఱును. ఉప్పునీటికి ఇనుము త్రుప్పుపట్టును. గాలికి చాప చిరుగును. కావున నావ గలవానికి మరమ్మతు ఎన్నడును తీఱని పని. అన్నింటిని ఒక్కమాఱు బాగుచేయుటకు ధనమును చాలదు, కాలమును చాలదు. ఏది ముందు చేయవలెనో, ఏది మానవచ్చునో నిర్ణయించుకొనుట నావికునకు ముఖ్యము.

అతడు ప్రతి లోపమును గూర్చియు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. దీనివలన నీరు లోనికి వచ్చునా, లేక చుక్కానియో స్తంభమో విఱుగునా? నడిసముద్రమున దీనిని బాగుచేసికొన వీలగునా? ఇది లేకున్నను పని జరుగు ఉపాయము కలదా? తలుపుమీది గీత కంటికి వికారమే కాని ప్రాణాపాయము కాదు. పలకల సందులోని చిన్న పగులు నావనే ముంచగలదు.

ఈ వివేకమునకు జాషువా స్లోకమ్ చరిత్రము మంచి నిదర్శనము. 1892లో అమెరికాలోని ఫెయిర్‌హావెన్ అను ఊర అతనికి ‘స్ప్రే’ అను ప్రాత నావ లభించెను. 36 అడుగుల 9 అంగుళముల పొడవుగల ఆ నావ ఒడ్డున ఒక పొలములో శిథిలమై యుండెను. దీనిని బాగుచేసిన లాభమేమని చూడవచ్చినవా రడిగిరి. స్లోకమ్ చెంతనున్న సింధూరవృక్షమును నఱికి అడుగుదూలమును చేసెను. కొయ్యలను ఆవిరితో మెత్తపఱచి వంచి ప్రక్కలు కట్టెను. పలకల సందులలో దూదిని, నారను కూరెను. 13 నెలలు తానే శ్రమించెను. సామగ్రికి 553 డాలర్ల 62 సెంట్లు వ్యయమయ్యెను.

ఇంత శ్రద్ధ వహించినవాడే ఒక మరమ్మతును మానెను. సముద్రయానమునకు వాడు అతని మేలైన గడియారమును శుభ్రపఱచి సరిచేయుటకు 15 డాలర్లు కావలసియుండెను. అతడు దానిని ఇంటనే విడిచి, ముఖము పగిలిన రేకుగడియారమును ఒక డాలరునకు కొనెను. చంద్రుని గమనమును కొలిచి తానున్న తావును లెక్కగట్టు విద్య అతనికి తెలియును గదా!

1895 ఏప్రిల్ 24న అతడు బోస్టన్ నుండి ఒంటరిగా బయలుదేరెను. మెజెల్లాన్ జలసంధి ప్రాంతమున తుపానుకు చినిగిన తెరచాపను దారిలోనే కుట్టుకొనెను. టాస్మేనియాలో మాత్రము, నావకు ఏ హానియు కనిపింపకున్నను, ఒడ్డునకు చేర్చి అడుగున రాగిరంగు పూసెను. ముందున్న వేడి సముద్రములలో కొయ్యను తొలుచు పురుగులు కలవని అతడెఱుగును. కీలింగ్ దీవులకడ నావ ఒక పగడపురాతిని ఢీకొనగా ఆ రాయియే చీలెను; నావ ముందుకొయ్యకు గాయమైనను కాలేదు.

1898 జూన్ 27న స్లోకమ్ న్యూపోర్టు రేవు చేరెను. సుమారు 46,000 మైళ్లు పయనించి, ఏకాకిగా భూమిని చుట్టివచ్చిన మొదటివాడని ప్రసిద్ధి గాంచెను. పొలములో ఏ కొయ్యలకై అతడు నెలలు వెచ్చించెనో, ఆ కొయ్యలే అతనిని తిరిగి ఒడ్డు చేర్చినవి.