గౌలిగూడ బస్టాండు నుండి బేగంబజార్ ఛత్రి దాకా



హైదరాబాదు అనగానే పుస్తకాలలో చార్మినారు బొమ్మ కనిపిస్తుంది. కాని పల్లె సంఘాలలోని మన కుటుంబాలకు చాలాకాలం పట్టణమంటే గౌలిగూడ బస్టాండు, ఉస్మానియా ఆసుపత్రి, బేగంబజార్. రోగం వస్తే ఆసుపత్రికి, పెండ్లి కుదిరితే బజారుకు. రెండింటికీ బస్సు దిగి కాలినడకన పోవచ్చు. సంఘానికి గంగాళాలు కొనాలన్నా, క్రిస్మసుకు రంగు కాగితాలు, నక్షత్రాలు తేవాలన్నా పెద్దలు డబ్బు పోగుచేసి ఇద్దరిని ఈ బజారుకే పంపేవారు. ఆ వీధులు ఇప్పుడు వేగంగా మారిపోతున్నాయి. గనుక ఈ నెల అక్కడ నిలిచినవాటిని గూర్చి, కూలినవాటిని గూర్చి వ్రాయదలచాము.

బేగంబజార్ మూసీనదికి ఉత్తరపు వైపున, అఫ్జల్‌గంజ్‌కు దగ్గరగా ఉన్నది. రెండవ అసఫ్ జా అయిన నిజాం అలీఖాన్ 1762 నుండి 1803 వరకు ఏలాడు. ఆయన భార్య హుమ్దా బేగం ఈ స్థలాన్ని వర్తకులకు ఇచ్చిందనీ, ఆమెను బట్టే ఈ పేరు వచ్చిందనీ చెబుతారు. పక్కనే ఫీల్‌ఖానా అనే వీధి ఉంది. ఫార్సీ భాషలో ఫీల్ అంటే ఏనుగు. ఏనుగులను కట్టిన చోట ఈనాడు చేతిబండ్లూ ఆటో ట్రాలీలూ ఒకదానినొకటి ఒరుసుకుంటూ పోతున్నాయి.

ఉత్తరాది నుండి, గుజరాతు నుండి వచ్చిన మార్వాడీలు, అగర్వాల్‌లు, గోసాయిలు ఇక్కడ కోఠీలు కట్టుకున్నారు. గోసాయిలు శైవ సన్యాసులు. సన్యాసులు వడ్డీ వ్యాపారం చేయడమేమిటని మనకు వింతగా తోచవచ్చు గాని, 19వ శతాబ్దంలో నిజాం ప్రభుత్వమే బేగంబజార్, కార్వాన్ సాహుకార్ల వద్ద అప్పు తీసుకునేది. హుండీ అంటే మనకు కానుకల పెట్టె. వారికి అది ఒక చీటీ. ఇక్కడ వ్రాసిచ్చిన చీటీని దూరపు పట్టణంలో చూపితే అక్కడి సాహుకారు సొమ్ము చెల్లించేవాడు. దొంగల భయమున్న దారులలో వెండి మూటలు మోయకుండా వ్యాపారం సాగింది ఆ చీటీమీది సంతకాన్ని నమ్మే.

మన పెద్దలు ఈ బజారులో ఖర్చుపెట్టిన రూపాయి కూడా వేరు. నిజాం రాజ్యానికి హాలీ సిక్కా అనే సొంత నాణెం ఉండేది. ఏడు హాలీ రూపాయలు ఆరు ఇంగ్లీషు రూపాయలతో సమానం. రాజ్యం భారతదేశంలో కలిసిన తరువాత కూడా అది కొన్నేళ్లు చెలామణి అయ్యి, 1959లో పూర్తిగా పోయింది. వెనుకటి తరం వారు లెక్క చెప్పేటప్పుడు హాలీలోనా, కల్దారులోనా అని అడిగేవారు. కల్దారు అంటే ఇంగ్లీషు రూపాయి.

గిన్నెల దుకాణాల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన స్త్రీలకు బేగంబజార్ అంటే అవే. ఇత్తడి, రాగి, కంచు, ఆ తరువాత అల్యూమినియం, స్టీలు, అన్నీ తూకం మీదనే. దుకాణం ముందు చెప్పులు విడిచి, పరుపు మీద కూర్చొని, బిందెను వ్రేలితో కొట్టి మ్రోత విని కొనేవారు. సన్నరేకు మ్రోత వేరు, మందరేకు మ్రోత వేరు. పాత ఇత్తడి తెచ్చి ఇస్తే దాని తూకానికి ధర కట్టి, కొత్త వస్తువులో తగ్గించేవారు. స్టీలు వచ్చిన రోజుల్లో ఇలాగే ఎన్ని ఇండ్ల ఇత్తడి గుండిగలు కరగడానికి పోయాయో! కళాయి పూయించే పని తప్పిందని ఇల్లాండ్రు సంతోషించారు, వారిని తప్పుపట్టలేము. కొన్న గిన్నె మీద పేరు కొట్టించుకోవడం చివరి పని. చిన్న ఉలి, సుత్తితో ఒకాయన గడపలో కూర్చొని చుక్కలు చుక్కలుగా పేరు చెక్కేవాడు. పలానావారి జ్ఞాపకార్థము అని పేరు, సంవత్సరము చెక్కిన గంగాళాలు ప్రేమ విందుల నాడు ఎన్నో సంఘాలలో పొయ్యి మీదికి ఎక్కాయి. కొన్ని పల్లెలలో మందిరం కట్టిన తేదీకి కాగితం దొరకదు గాని, గంగాళం మీద సంవత్సరం దొరుకుతుంది.

ఇక కట్టడాల సంగతి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఈ ప్రాంతాన్ని ఊడ్చివేసింది. అఫ్జల్‌గంజ్ వంతెన కొట్టుకుపోయింది. దగ్గరలోని కోల్సవాడి పేట నేలమట్టమైంది. పట్టణమంతటా సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఆ రోజు 150 మందిని తన కొమ్మల మీద మోసిందని అక్కడికి వెళ్లిన ప్రతివారికీ చెబుతారు. ఆ వరద తరువాతనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. మనం చూసే అఫ్జల్‌గంజ్, మొజంజాహీ మార్కెట్టు చాలావరకు ఆ విపత్తు తరువాతి నిర్మాణాలే.

గౌలిగూడ బస్టాండు కథ వేరు. 1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖ ప్రారంభించారు. గౌలిగూడలో వారు వాడుకున్నది మామూలు షెడ్డు కాదు. విమానాలు నిలపడానికి తయారైన పెద్ద ఇనుప హ్యాంగరు. మధ్యలో ఒక్క స్తంభం లేకుండా విల్లులా వంగిన రేకుల కప్పు. దానిని మిసిసిపి హ్యాంగరు అనేవారు. జిల్లాల నుండి వచ్చినవారు పట్టణంలో మొదట తలెత్తి చూచినది ఆ కప్పునే. 1994లో మూసీ నడుమ ఇమ్లీబన్‌లో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ తెరిచాక దూరపు బస్సులన్నీ అక్కడికి పోయాయి. గౌలిగూడకు సిటీ బస్సులు మాత్రమే మిగిలాయి. 2018 జూలై 5న ఆ హ్యాంగరు కూలిపోయింది. కప్పు నుండి ప్రమాద సూచనలు కనబడి కొద్దిరోజుల ముందే ఖాళీ చేయించినందున ఎవరి ప్రాణమూ పోలేదు. దేవునికి స్తోత్రం. కాని దాని పెద్ద పని పోయిననాడే దానిని పట్టించుకునేవారు కూడా పోయారని మా అభిప్రాయం.

మొజంజాహీ మార్కెట్టుకు అంత దురవస్థ పట్టలేదు. 1935లో నల్లరాతితో కట్టిన ఈ మార్కెట్టుకు ఏడవ నిజాం రెండవ కుమారుడు మొజంజా పేరు పెట్టారు. ఒకప్పుడు ఇది పండ్ల మార్కెట్టు. 1980లలో ఆ వ్యాపారం గడ్డిఅన్నారానికి, మళ్లీ 2021-22లో బాటసింగారానికి తరలింది. అయినా చేతితో తిప్పిన ఐస్‌క్రీము అమ్మేవారు, అత్తరువాళ్లు, పూలవాళ్లు విడిచిపోలేదు. దేశవిభజన వేళ సింధు నుండి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో ఆ కూడలిలోనే కరాచీ బేకరీ పెట్టాడు. మార్కెట్టు రాళ్లు నల్లబడి, గడియారం గోపురం శిథిలమవుతుంటే బాగుచేయించి 2020 ఆగస్టులో తిరిగి తెరిచారు. మనుషులు అక్కడే ఉండబట్టి దానిని బాగుచేయించుమని అడిగేవారున్నారు.

అయితే జనం ఉంటే చాలదు. ఉస్మానియా ఆసుపత్రిని చూడండి. విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు శిల్పి గీసిన ఆ గుమ్మటాల భవనం 1925 నాటికి పూర్తయింది. మన ఊళ్లలో అక్కడ పడుకోని కుటుంబం అరుదు. తొంభై అయిదేండ్లు రోగులతో నిండి ఉన్నా పెచ్చులూడుతూ వచ్చి, 2020 జూలైలో వార్డులలోనికి వాననీరు చేరగా పాత భవనాన్ని ఖాళీ చేసి మూసివేశారు. కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. బేగంబజార్‌కు అది పక్కనే గనుక, ఇరుకు దారులలో ఇంకెంత రద్దీ అవుతుందోనని అక్కడి వర్తకులు, నివాసులు అభ్యంతరం చెప్పారు. వారి మాటలో నిజముంది. రోగులకు గట్టి కప్పు కావాలన్న మాటలోనూ నిజముంది. ఈ రెండింటిలో మేము రోగుల పక్షం.

బేగంబజార్ లోపలి ఇండ్లకు పనికేమీ కొదువ లేదు, వాటి కష్టం అదే. పూర్వం క్రింద దుకాణం, పైన కుటుంబం, నడుమ ఆకాశం కనిపించే ముంగిలి. సాహుకార్ల పిల్లలు విశాలమైన కాలనీలకు వెళ్లిపోయాక పై గదులు సరుకుల గోదాములయ్యాయి. ముంగిలికి రేకులు కప్పారు. ఒక కోఠీ అన్నదమ్ముల పంపకాలలో నాలుగు ముక్కలైతే, ఆ ముక్క మీద నాలుగు అంతస్తులు లేచాయి. సందు వెడల్పు మాత్రం ఎద్దుబండి నాటిదే. కరెంటు తీగలు తలమీద చిక్కుబడి వ్రేలాడుతుంటాయి.

మూసీకి అవతల, చార్మినారుకు సమీపాన గుల్జార్‌హౌజ్ వద్ద కూడా ఇటువంటి ఇండ్లే. 2025 మే 18 ఆదివారం ఉదయం అక్కడ క్రింద దుకాణం, పైన కుటుంబం ఉన్న పాత ఇంటికి నిప్పంటుకుని 17 మంది చనిపోయారు. వారిలో 8 మంది పిల్లలు. లోపలికీ బయటికీ ఒక్కటే ఇరుకు దారి. ఆ వార్త చదివిన తరువాత పాత ఇండ్ల అందాన్ని గూర్చి మాత్రమే మాట్లాడడానికి మాకు నోరు రావడం లేదు. అలాగని అన్నిటినీ పడగొట్టి అద్దాల భవనాలు కట్టుమనడమూ తగదు. కొత్త అంతస్తులకూ దారి అదే ఇరుకు సందు గదా. రెండవ మెట్లదారి పెట్టించడం, పై గదులలోని సరుకు తీయించడం, ముంగిలి మీది రేకు విప్పించడం, ఇవి పాత గోడలను ముట్టకుండానే చేయదగిన పనులు. ఖర్చు యజమానిది, అడగవలసిన బాధ్యత నగరపాలక సంస్థది.

ఇప్పుడు పల్లె నుండి వచ్చేవారు ఇమ్లీబన్‌లో దిగి వంతెన దాటి అఫ్జల్‌గంజ్ మీదుగా నడిచి రావచ్చు. క్రిస్మసు సామాను కొనడానికి వచ్చిన మన సంఘస్థులు ఛత్రి దగ్గరి గుంపులో పర్సు పట్టుకుని క్రిందికే చూస్తూ నడుస్తారు, అది మంచిదే. ఒక్క నిమిషం గోడ వారగా నిలిచి పైకి కూడా చూడండి. ప్లాస్టిక్ బోర్డుల పైన, తీగల వెనుక, ఇంకా కొన్ని ఇండ్లకు సున్నంతో తీర్చిన పూలు, టేకు కమ్ముల బాల్కనీలు ఉన్నాయి. పేర్లు కొట్టే పనివాళ్ల చేతికి ఇప్పుడు కరెంటు మిషను వచ్చింది. తెలుగులో వ్రాసి ఇస్తే తెలుగులోనే చెక్కుతారు.