బస్తాకెక్కిన బొగ్గు వాయువు

2025 ఆగస్టులో కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఎవరిని కదిలించినా ఒకటే మాట: యూరియా వచ్చిందా? వరికి, పత్తికి మందు వేయాల్సిన అదనులో రైతులు సొసైటీల ముందు బారులు తీరారు. రామగుండం యూరియా కర్మాగారం సాంకేతిక లోపంతో ఆగింది. విదేశాల నుంచి రావాల్సిన సరుకూ అనుకున్నంత రాలేదు. పెద్ద ఎగుమతిదారైన చైనా 2021 నుంచే యూరియాను బయటికి వదలడంపై ఆంక్షలు పెడుతూ వస్తోంది.

చైనా యూరియాలో ఎక్కువ భాగం పుట్టేది బొగ్గులోంచే. రామగుండానిదీ ఒకప్పుడు అదే దారి.

బొగ్గును పూర్తిగా కాలనివ్వకుండా, కొద్దిపాటి ఆక్సిజన్‌తో, నీటి ఆవిరితో బాగా వేడెక్కిస్తే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిసిన వాయువు వస్తుంది. దీన్నే సిన్‌గ్యాస్ అంటారు. ఆ కార్బన్ మోనాక్సైడ్‌కు మళ్లీ ఆవిరి తగిలిస్తే ఇంకొంత హైడ్రోజన్, దానితోపాటు కార్బన్ డయాక్సైడ్ తయారవుతాయి. హైడ్రోజన్‌ను గాలిలోని నైట్రోజన్‌తో కలిపితే అమ్మోనియా. పక్కకు తీసిన కార్బన్ డయాక్సైడ్‌ను అమ్మోనియాతో కలిపితే యూరియా. 45 కిలోల బస్తాలో మొక్కకు పనికొచ్చే నైట్రోజన్ 20 కిలోలకు పైనే ఉంటుంది.

ఇంత తతంగం దేనికంటే, వాయువును వాయువుగా దూరదేశాలకు పంపడం మహా కష్టం. ఆస్ట్రేలియా, జపాన్ హైడ్రోజన్‌ను నేరుగా పంపే ప్రయత్నమూ చేసి చూశాయి. విక్టోరియా రాష్ట్రంలోని గోధుమరంగు బొగ్గు నుంచి తీసిన హైడ్రోజన్‌ను మైనస్ 253 డిగ్రీలకు చల్లార్చి ద్రవంగా మార్చి, ‘సూయిసో ఫ్రాంటియర్’ అనే ఓడలో 2022 ఫిబ్రవరిలో కోబే రేవుకు చేర్చారు. గొప్ప ప్రయోగమే, కానీ ఖర్చు చాలా ఎక్కువ. అమ్మోనియా అయితే మైనస్ 33 డిగ్రీలకే ద్రవమవుతుంది, మెథనాల్ మామూలు వేడిలోనే ద్రవంగా ఉంటుంది, యూరియాకు సంచి చాలు. అందుకే బొగ్గు వాయువు దేశాల మధ్య ఎక్కువగా ఈ రూపాల్లోనే చేతులు మారుతుంది.

పైపులో సరిహద్దు దాటే వాయువూ లేకపోలేదు. అమెరికాలో నార్త్ డకోటాలోని గ్రేట్ ప్లెయిన్స్ కర్మాగారం లిగ్నైట్ బొగ్గును వాయువుగా మారుస్తుంది. అందులో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను 2000 నుంచి 300 కిలోమీటర్లకు పైగా పైపులో పంపి కెనడా చమురు బావులకు అమ్ముతోంది.

ఇక మన రామగుండానికి వస్తే, అక్కడ ఎఫ్‌సీఐ (భారత ఎరువుల సంస్థ) కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఒడిశాలోని తాల్చేరు దానికి జోడు. రెండింటిలోనూ వాడింది జర్మన్ల కాపర్స్-టోట్జెక్ పద్ధతి: పిండిలా నూరిన బొగ్గును ఆక్సిజన్‌తో కలిపి కొలిమిలోకి చిమ్ముతారు. మన బొగ్గులో బూడిద పాలు చాలా ఎక్కువ. ఆ బూడిదకు తోడు కరెంటు కోతలు, యంత్రాల మరమ్మతులు. కర్మాగారం ఏనాడూ పూర్తి సామర్థ్యానికి చేరలేదు. 1999లో మూతపడింది. గోదావరిఖని చుట్టుపక్కల ఎన్నో కుటుంబాల బతుకుతెరువు దానితోపాటే పోయింది. కష్టపడి నేర్చుకున్న పనితనమూ చెదిరిపోయింది. ఆ నష్టం ఏ లెక్కల పుస్తకంలోనూ కనిపించదు.

అదే స్థలంలో 2021 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీఎల్ (రామగుండం ఫర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ లిమిటెడ్) ఉత్పత్తి ప్రారంభించింది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం. కాకపోతే ఇది సహజవాయువుతో నడుస్తుంది. ఆ వాయువు కాకినాడ దగ్గరి మల్లవరం నుంచి పైపులో వస్తుంది. దేశం వాడే సహజవాయువులో దాదాపు సగం ఓడల్లో దిగుమతయ్యేదే. చుట్టూ సింగరేణి గనులున్నా, ఈ ఎరువు ఖర్చు ఇప్పుడు అంతర్జాతీయ గ్యాస్ ధరతో ముడిపడి ఉంది.

2024 జనవరిలో కేంద్రం బొగ్గు గ్యాసిఫికేషన్‌కు రూ. 8,500 కోట్ల ప్రోత్సాహకం ప్రకటించింది. తాల్చేరులో మళ్లీ బొగ్గుతోనే యూరియా చేసే కర్మాగారం కడుతున్నారు. ఈసారి బూడిద ప్రభావం తగ్గించడానికి, చమురు శుద్ధిలో మిగిలే పెట్‌కోక్ కలుపుతారు. హైదరాబాద్‌లో ప్రభుత్వ రంగ సంస్థ బీహెచ్‌ఈఎల్ కూడా బూడిద ఎక్కువున్న బొగ్గు నుంచి ప్రయోగాత్మకంగా మెథనాల్ తీసి చూపింది. అయితే టన్ను అమ్మోనియాకు సహజవాయువు కంటే బొగ్గు దాదాపు రెట్టింపు కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. యూరియాలోకి వెళ్లగా మిగిలేదాన్ని ఎక్కడ పెట్టాలో, ఆ ఖర్చు ఎవరు భరించాలో తాల్చేరు ఇంజినీర్లు తేల్చాల్సి ఉంది.