వాకిట్లో నిలిచే నీళ్ళు, ఇంట్లో వదలని జబ్బులు

వానలు మొదలయ్యాయంటే చాలు, "హకీం సాబ్, దగ్గుకూ జలుబుకూ మంచి జోషాందా ఏదైనా చెప్పండి" అని అడిగేవాళ్ళు ఎక్కువవుతారు. తప్పకుండా చెబుతాను. కాని ఈ వారం మందుల జోలికి పోకుండా మీ వాకిలి గురించి మాట్లాడదలచుకున్నాను. ఎందుకో చెబితే నా పొరపాటు ఒకటి బయటపెట్టుకోవాల్సి వస్తుంది. పరవాలేదు.

ధర్మపురి జిల్లా వెల్లిచందైలో మా చెల్లెలు ఉంటుంది. ఆమె చిన్నకొడుక్కి నజ్లా తగ్గడం లేదంటే ఉన్నాబ్, సపిస్తాన్, బనఫ్షా, ములేఠీ కలిపి పొట్లాలు కట్టి పంపాను. నాలుగు రోజులు నెమ్మదించేది, మళ్ళీ మొదలయ్యేది. ఇలా మూడు నెలలు గడిచాయి. చివరికి నేనే వెళ్ళాను. అంతకుముందే వాళ్ళు ముచ్చటపడి వాకిలంతా సిమెంటు చేయించారు. చూడటానికి బాగుంది, కాని వాలు మాత్రం ఇంటివైపుకు ఉంది. వాన పడ్డప్పుడల్లా నీళ్ళు పడకగది గోడ వారగా నిలుస్తున్నాయి. లోపల మూడడుగుల ఎత్తు దాకా చెమ్మ, దాని మీద నల్లటి బూజు. పిల్లాడి మంచం సరిగ్గా ఆ గోడకే ఆనించి ఉంది!

మా వైద్యంలో ఆరోగ్యానికి తప్పనిసరైన ఆరు కారణాలను 'అస్బాబె సిత్తా జరూరియా' అంటాం. అందులో మొదటిది చుట్టూ ఉండే గాలి. కొత్త ఊరికి వెళ్ళిన వైద్యుడు ముందు అక్కడి గాలినీ, నీటినీ, నేలనూ పరిశీలించాలని బుఖ్రాత్ సుమారు 2,400 ఏళ్ళ కిందటే చెప్పాడు. నేను చదువుకున్న మొదటి పాఠాల్లో అది ఒకటి. అయినా గోడ చూడకుండానే మూడు నెలలు పొట్లాలు పంపాను. బూజు పట్టిన గదిలో దగ్గు, ఆయాసం పెరుగుతాయని నేటి వైద్యులూ అంటున్నారు. కొందరు చెమ్మ వాసన పోవాలని లోబాన్ పొగ వేస్తారు. దానితో వాసన మారుతుందే తప్ప చెమ్మ పోదు. దగ్గే పిల్లలకు ఆ పొగ ఇంకా చెడు.

మంచం ఆ రోజే జరిపించాను. ఇక నీళ్ళ సంగతి. మా బావగారు తేలిక ఉపాయం చెప్పారు: "ప్రహరీకి ఒక కన్నం వేయిస్తే సరి, నీళ్ళు అటు పోతాయి." అటు ఉన్నది ఒంటరిగా ఉండే ముసలమ్మ మట్టిగోడల ఇల్లు. ఆ మాట ఆమె చెవిన పడింది. "నాయనా, మీ నీళ్ళు నా పొయ్యిలోకి తోలొద్దు" అంది. మా బావగారు మంచి మనిషే. వాన నీళ్ళు మన గోడ దాటితే మన పూచీ తీరిందనుకోవడం చాలామందికి ఉన్న అలవాటు. మన ఇంటి చెమ్మను పొరుగింటికి పంపడం ఏ వైద్యం అవుతుంది?

మీరు కూడా ఖర్చు పెట్టేముందు ఒక పని చేయండి. పెద్ద వాన పడుతున్నప్పుడు గొడుగు పట్టుకుని వాకిట్లో నిలబడి, నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో చూడండి. చాలా ఇళ్ళలో సగం నీళ్ళు మిద్దె మీదివే. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే దాదాపు 930 లీటర్లు కిందికి వస్తాయి. అదంతా ఒకే గొట్టం గుండా గోడ మొదట్లో పడుతుంటే గోడ ఎలా ఆరుతుంది? 2024 డిసెంబరు మొదట్లో ఫెంగల్ తుఫాను వెనుక హరూరులో ఒక్క రోజులో 33 సెంటీమీటర్లు, పక్క జిల్లా ఊత్తంగరైలో 50 సెంటీమీటర్లు కురిసింది. అంతటి వానను ఏ వాకిలీ తట్టుకోలేదు. మనల్ని ఏటా బాధపెట్టేది మూడు నాలుగు సెంటీమీటర్ల మామూలు వానే.

మిద్దె నీటిని వేరుచేయడం మొదటి పని. చెల్లెలి ఇంట్లో గొట్టాన్ని మూత ఉన్న తొట్టిలోకి మళ్ళించాం. తమిళనాడులో వాననీటిని పట్టడం 2003 నుంచి ప్రతి ఇంటికీ తప్పనిసరి. పైగా ధర్మపురి జిల్లాలో చాలాచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఉంది. ఆ బాధ తగ్గించడానికే 2013లో హొగెనకల్ నీటి పథకం మొదలుపెట్టారు. ఫ్లోరైడ్ బెడద లేని వాననీటిని గోడకు తాగిస్తున్నాం మనం! తొలి వాన నీళ్ళు మాత్రం పట్టకుండా వదిలేయండి, మిద్దె దుమ్మంతా అందులోనే ఉంటుంది. తాగేట్టయితే వడగట్టి, కాచి తాగండి.

ఇక వాలు. సిమెంటు వాకిలికి అడుగుకు పావు అంగుళం చొప్పున ఇంటి నుంచి బయటికి వాలు ఉంటే చాలు. మట్టి నేలైతే గోడ నుంచి పదడుగుల దూరంలో అరడుగు దిగాలి. కంటితో అంచనా వేయకుండా, మేస్త్రి చేత నీళ్ళ ట్యూబుతో మట్టం చూపించుకోండి.

ఇంకుడు గుంత తవ్వించే ముందు అడుగు లోతు గుంట తీసి, నీళ్ళు పోసి ఇంకనివ్వండి. మళ్ళీ నింపి, గంటకు కనీసం ఒక అంగుళం దిగుతుందేమో చూడండి. దిగకపోతే అక్కడ డబ్బు దండగ. మాకు మొదటి చోట రెండడుగులకే బండ తగిలింది. దూరంగా కొబ్బరిచెట్టు పక్కన కుదిరింది. మీటరు పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంతలో కంకర నింపితే పట్టేది సుమారు 400 లీటర్లే. అందుకే పొంగే నీరు వీధి కాలువకు చేరే దారి కూడా ఉండాలి. ఆ దారి ముసలమ్మ స్థలం అంచున పోవాలి. మా బావగారే వెళ్ళి అడిగారు. పైపు మూసి వేస్తామంటే, తన చూరు నీళ్ళూ అందులోనే కలపాలని ఆమె షరతు పెట్టింది. న్యాయమైన షరతే. వజూ నీళ్ళు అరటి మొక్కలకు పెట్టాం. మురుగు నీటి గుంత మాత్రం బావికి, బోరుకు కనీసం యాభై అడుగుల దూరంలో ఉండాలి.

దోమల సంగతి కూడా చెప్పాలి. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది మన సికింద్రాబాద్‌లోనే. డెంగీ దోమ మురుగు కాలువలో కాదు, మూత లేని డ్రమ్ములో, పూలకుండీ కింది పళ్ళెంలో, కొబ్బరి చిప్పలో ఉన్న మంచినీళ్ళలోనే పెరుగుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కనుక వారానికోసారి ఆ పాత్రలన్నీ ఒంపి, తోమి ఆరబెట్టండి. పండ్లు, పాలు ఇచ్చినట్టే ఇదీ పిల్లలకు చేసే సేవ.

వానాకాలంలో జ్వరం రెండు రోజులు దాటితే నా కోసమో, మరో హకీం కోసమో ఎదురుచూడకుండా ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోవద్దు. బొప్పాయి ఆకు రసం మీద భరోసా పెట్టి ఆలస్యం చేయవద్దు. ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, చిగుళ్ళ నుంచి రక్తం కనిపిస్తే, జ్వరం దిగినా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కాళ్ళకు పుండ్లున్నవాళ్ళు నిలిచిన నీళ్ళలో నడవకూడదు. ఎలుకల మూత్రం కలిసిన నీటితో ఎలుక జ్వరం వస్తుంది.

చెల్లెలి ఇంటి గోడ పూర్తిగా ఆరడానికి వేసవి దాకా పట్టింది. పిల్లాడి దగ్గు అంతకన్నా ముందే తగ్గింది. చివర్లో నేను పంపిన పొట్లాలు రెండు ఇంకా విప్పకుండా అల్మారాలో ఉన్నాయట.