గోదావరి డెల్టా వేసవిలో సూపర్‌చార్జర్ కార్లు: ఇంజన్ నాక్ – కారణాలు, నివారణ

వ్యాస సంగ్రహం:
పెట్రోలు కారుకు తరువాత అమర్చిన సూపర్‌చార్జర్ ఇంజన్ శక్తిని పెంచుతుంది. దానితోపాటు సిలిండరులోకి చేరే గాలి ఉష్ణోగ్రతనూ పెంచుతుంది. గోదావరి డెల్టా వేసవిలో ఈ అదనపు వేడి 'నాక్' అనే హానికర దహనానికి ఎలా దారితీస్తుందో, దానిని ఏ క్రమంలో నివారించాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: సూపర్‌చార్జర్, నాక్, ఇంటర్‌కూలర్, ఆక్టేన్, ఇథనాల్, గోదావరి డెల్టా.

1. ఉపోద్ఘాతం:
రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. మే నెలాఖరున మొదలయ్యే ఆ కార్తెలో రాజమహేంద్రవరం, కొవ్వూరు ప్రాంతాలలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌ను తాకే రోజులు ఉంటాయి. రద్దీలో నెమ్మదిగా కదులుతూ గోదావరి వంతెన దాటిన కారు, ఖాళీ రహదారి దొరకగానే ఒక్కసారిగా వేగం అందుకున్నప్పుడు ఇంజన్ నుండి రేకుడబ్బాలో గులకరాళ్ళు కదిలినట్లు చప్పుడు రావచ్చు. మెకానిక్కులు దీనినే 'నాకింగ్' అంటారు. సూపర్‌చార్జర్ అమర్చిన ఇంజన్‌లో ఈ చప్పుడును ఉపేక్షిస్తే పిస్టన్ విరిగే స్థితి రావచ్చు. జనవరి చల్లదనంలో సరిచేసిన ఇంజన్ మే నెలలోనూ క్షేమంగా ఉంటుందనుకోవడమే ఇందులో ప్రధానమైన పొరపాటు.

2. నాక్ స్వరూపం:
పెట్రోలు ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ వద్ద పుట్టిన జ్వాల క్రమంగా వ్యాపిస్తూ మిశ్రమాన్ని దహిస్తుంది. ఈ లోగా ఇంకా మండని మిశ్రమం అన్ని వైపులా ఒత్తిడికి లోనై వేడెక్కుతుంది. జ్వాల చేరకముందే ఆ మిశ్రమం తనంతట తానే భగ్గుమంటే పీడన తరంగాలు పుట్టి సిలిండరు గోడలను తాకుతాయి. ఇదే నాక్. దీనివల్ల పిస్టన్ రింగుల మధ్య భాగం విరగడం, హెడ్ గాస్కెట్ దెబ్బతినడం, ప్లగ్ పింగాణీ పగలడం సంభవిస్తాయి. ఉష్ణోగ్రత, పీడనం, ఇంధనం ఆక్టేన్ విలువ, మిశ్రమం చిక్కదనం, స్పార్క్ సమయం ఈ స్వయం జ్వలనాన్ని నిర్ణయిస్తాయి.

3. వేడి లెక్క:
గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది. వాతావరణ పీడనాన్ని ఒకటిన్నర రెట్లు చేసే సూపర్‌చార్జర్ సామర్థ్యం 60 శాతం అనుకుందాం. బయట 27 డిగ్రీలున్నప్పుడు దాని నుండి గాలి సుమారు 88 డిగ్రీల వద్ద వెలువడుతుంది. బయట 45 డిగ్రీలున్నప్పుడు అది సుమారు 110 డిగ్రీలకు చేరుతుంది. అంటే బయటి 18 డిగ్రీల తేడా లోపల 22 డిగ్రీలవుతుంది. పెరిగిన వేడిలో 70 శాతాన్ని తొలగించే ఇంటర్‌కూలర్ ఉంటే ఆ గాలి మొదటి సందర్భంలో సుమారు 45 డిగ్రీలకు, రెండవ సందర్భంలో సుమారు 65 డిగ్రీలకు దిగుతుంది.

తేడా ఇక్కడితో ఆగదు. 10 సంపీడన నిష్పత్తి గల ఇంజన్‌లో పిస్టన్ ఈ గాలిని మళ్ళీ నొక్కుతుంది. అందువల్ల లోపలికి వచ్చే గాలిలోని ప్రతి డిగ్రీ తేడా సంపీడనం చివర రెండు డిగ్రీలకు పైగా పెరుగుతుంది. మొదటి 20 డిగ్రీల తేడా అక్కడ 40 డిగ్రీలను మించుతుంది.

టర్బోచార్జర్ పీడనాన్ని ఇంజన్ కంప్యూటర్ వేస్ట్‌గేట్ ద్వారా తగ్గించగలదు. బెల్టుతో తిరిగే సూపర్‌చార్జర్ పీడనాన్ని ప్రధానంగా పుల్లీ పరిమాణం నిర్ణయిస్తుంది. ఎండ పెరిగిందని అది తనంతట తాను తగ్గదు.

4. డెల్టా గాలి – ఎండ, తేమ:
కోనసీమ తీరంలో ఉష్ణోగ్రత కొంత తక్కువగా, తేమ ఎక్కువగా ఉంటుంది. 35 డిగ్రీల వద్ద 60 శాతం ఆర్ద్రత ఉంటే గాలిలో సుమారు 3 శాతం నీటి ఆవిరే. అది దహనాన్ని కొద్దిగా నెమ్మదింపజేసి నాక్‌ను స్వల్పంగా తగ్గిస్తుంది. ఆక్సిజన్ స్థానాన్ని ఆక్రమించడం వల్ల శక్తి కూడా తగ్గుతుంది. రాజమహేంద్రవరం వైపు పొడి ఎండలో ఈ పాటి రక్షణ కూడా ఉండదు. రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కేటప్పుడు కారు వేగం తక్కువ, ఇంజన్ భారం ఎక్కువ. ఇంటర్‌కూలర్‌కు తగినంత గాలి అందదు కనుక పరిస్థితి మరింత తీవ్రమవుతుంది.

5. ఇంధనం – ఆక్టేన్, ఇథనాల్:
ఆక్టేన్ మాపకంలో ఐసో ఆక్టేన్‌కు 100, నార్మల్ హెప్టేన్‌కు సున్నా విలువ ఇచ్చారు. 1921లో థామస్ మిడ్‌గ్లీ టెట్రాఇథైల్ లెడ్ నాక్‌ను అణచివేస్తుందని కనుగొన్నాడు. విషపూరితమైన ఆ సీసాన్ని భారతదేశం 2000 ఫిబ్రవరిలో పెట్రోలు నుండి తొలగించింది. నాక్‌ను తట్టుకునే గుణాన్ని పెంచడంలో నేడు ఇథనాల్‌కు ముఖ్యస్థానం లభించింది. డెల్టాకు ఇది పరాయి పదార్థం కాదు. చెరకు పిప్పి, మొలాసిస్, బియ్యపు నూకలు ఎరిగిన నేల ఇది. 1947లో స్థాపితమైన తణుకు ఆంధ్రా షుగర్స్ ఈ ప్రాంతపు చెరకు పరిశ్రమకు ప్రసిద్ధ ఉదాహరణ.

20 శాతం ఇథనాల్ కలిసిన ఇ-20 పెట్రోలును 2023 ఫిబ్రవరిలో దేశంలో విడుదల చేశారు. సాధారణ పెట్రోలుకు కనీసం 91 ఆక్టేన్ ప్రమాణం కాగా, ఇ-20కి 95. ఇథనాల్ బాష్పీభవన గుప్తోష్ణం పెట్రోలు కంటే రెండు రెట్లకు పైగా ఎక్కువ కనుక అది మిశ్రమాన్ని చల్లబరుస్తుంది కూడా. ఈ రెండూ మేలు చేసే గుణాలే.

అయితే పెట్రోలు సంపూర్ణంగా మండడానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 వంతులు చాలు. ఇ-20కి ఇది సుమారు 13.5. ఇ-10 కోసం సరిచేసిన పట్టికతో ఇ-20 వాడితే, ఆక్సిజన్ సెన్సర్ దిద్దుబాటు పనిచేయని పూర్తి భారంలో మిశ్రమం సుమారు 4 శాతం పలచబడుతుంది. సూపర్‌చార్జర్ ఇంజన్‌లో పలచని మిశ్రమం అధిక వేడికి కారణమవుతుంది. పట్టికను సరిదిద్దకపోతే ఆక్టేన్ వల్ల కలిగిన లాభం ఇక్కడ కొంత పోతుంది.

6. నివారణ క్రమం:
ముందుగా వేడిని, తరువాత పీడనాన్ని, ఆ పైన ఇంధనాన్ని, చివరకు స్పార్క్ సమయాన్ని చూడాలి.

అ) గాలి గొట్టం బానెట్ కింది వేడిగాలిని కాక ముందు జాలీ నుండి బయటి గాలిని తీసుకోవాలి. ఇంటర్‌కూలర్, రేడియేటర్ రెక్కలలో చేరిన దుమ్మును, ఊకను వేసవికి ముందే శుభ్రపరచాలి. నీటితో పనిచేసే ఇంటర్‌కూలర్ అయితే దాని పంపును పరీక్షించాలి.

ఆ) వేసవిలో సూపర్‌చార్జర్‌కు పెద్ద పుల్లీ అమర్చితే అది నెమ్మదిగా తిరిగి పీడనం తగ్గుతుంది. కొంత శక్తి తగ్గినా ఇంజన్ నిలుస్తుంది.

ఇ) 95 లేదా అంతకంటే ఎక్కువ ఆక్టేన్ ఇంధనాన్నే ఎప్పుడూ వాడాలి. ఇంధనం మారితే ఇంధన పట్టికనూ సరిచూడాలి.

ఈ) లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రతను అనుసరించి స్పార్క్‌ను ఆలస్యం చేసే పట్టిక ఉండాలి. ఆ పట్టికను ఎండవేళే పరీక్షించాలి. ఆలస్యం మితిమీరితే ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది కనుక ఇది మొదటి మూడింటికీ ప్రత్యామ్నాయం కాదు.

ఉ) తగిన 'చల్లని' శ్రేణి ప్లగ్గులు వాడాలి. దహన గదిలో కార్బన్ పేరుకోకుండా, నూనె ఆవిరి గాలిలో కలవకుండా చూడాలి.

ఊ) రద్దీ నుండి బయటపడిన వెంటనే పూర్తి యాక్సిలరేటర్ ఇవ్వకుండా, గాలి ఉష్ణోగ్రత తగ్గే వరకు నిదానంగా నడపాలి. ఘాట్‌లో పెద్ద గేరులో ఇంజన్‌ను ఈడ్చకుండా చిన్న గేరు వాడాలి.

నాక్ సెన్సర్ ఉంది కదా అన్న ధీమా సరికాదు. నాక్ మొదలైన తరువాతే అది స్పందిస్తుంది. అసలు ఇంజన్ కోసం సర్దుబాటు చేసిన ఆ సెన్సర్‌ను సూపర్‌చార్జర్ శబ్దం తికమక పెట్టవచ్చు. మరొక సంగతి: నమోదు పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుంది. కనుక మార్పుకు ముందే రవాణా శాఖను సంప్రదించాలి.

7. ముగింపు:
నాక్‌ను కేవలం ఇంధన దోషంగా చూడటం సరికాదు. అది వేడి, పీడనం, ఇంధనం, స్పార్క్ సమయాల మధ్య తప్పిన సమతుల్యం. డెల్టాలో సూపర్‌చార్జర్ కారును చలికాలపు అత్యధిక శక్తికి కాక, రోహిణీ కార్తె మధ్యాహ్నానికి తట్టుకునేటట్లు సరిచేయాలి. ఆ ఎండలో నిలిచిన అమరిక మిగిలిన కాలమంతా నిలుస్తుంది.