పాఠశాల మారిన క్రీడాకారుల అర్హత

తిరువూరు నుంచి కొత్తగూడెం రోడ్డు మీద కొద్ది దూరం వెళితే పెనుబల్లి వస్తుంది. 2014 జూన్ 2కు ముందు ఈ రెండూ ఒకే రాష్ట్రంలోని ఊళ్లు. ఇప్పుడు తిరువూరు ఆంధ్రప్రదేశ్‌లో, పెనుబల్లి తెలంగాణలో ఉన్నాయి. తిరువూరులో తొమ్మిదో తరగతి చదివే ఒక కబడ్డీ క్రీడాకారిణి పెనుబల్లి పాఠశాలలో చేరిందనుకోండి. ఇల్లు మారకపోయినా ఆమె ఆడవలసిన రాష్ట్రం మారుతుంది.

కారణం ఇది. 1954లో ఏర్పడిన స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా పోటీలలో విద్యార్థి తాను చదివే పాఠశాల ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం తరఫున ఆడాలి. కేంద్రీయ విద్యాలయాలకు, నవోదయ విద్యాలయాలకు వేరే జట్లు ఉంటాయి. కాబట్టి జిల్లా పరిషత్ పాఠశాల నుంచి నవోదయకు వెళ్లినా జట్టు మారినట్టే.

ఇక్కడ అర్హతను తేల్చేవి కాగితాలే: అడ్మిషన్ రిజిస్టరు, టి.సి., ప్రధానోపాధ్యాయుడు సంతకం చేసిన అర్హతా పత్రం. అండర్-14, 17, 19 విభాగాలకు వయసును డిసెంబరు 31 నాటికి లెక్కిస్తారు. అందువల్ల టి.సి.లో పుట్టిన తేదీ తప్పు పడితే ఆట ఎంత బాగున్నా ఎంపిక ఆగిపోవచ్చు. టి.సి. చేతికి రాగానే ఆ గడి చూసుకోమని తల్లిదండ్రులకు తప్పక చెప్పండి. మారే సమయం కూడా ముఖ్యమే. ఎంపికలు మండల స్థాయి నుంచి మొదలవుతాయి. విద్యా సంవత్సరం మధ్యలో వెళ్లిన అమ్మాయికి కొత్తచోట ఆ ఏడు ఎంపికలు అప్పటికే ముగిసి ఉండవచ్చు.

మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన టెక్సాస్‌లో పద్ధతి వేరు. అక్కడ 1910లో మొదలైన యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్, "ఎందుకు మారావు?" అని అడుగుతుంది. ఆట కోసమే మారినట్టు తేలితే పాఠశాల ప్రధాన జట్టులో కనీసం ఒక సంవత్సరం ఆడనివ్వరు. పాత పాఠశాల కూడా ఒక పత్రం నింపాలి. మంచి ఆటగాళ్లను పెద్ద పాఠశాలలు ఎగరేసుకుపోకుండా చూడడం దీని ఉద్దేశం.

పిల్లల మనసులోని ఉద్దేశాన్ని విచారించే పద్ధతి నాకంతగా నచ్చదు. అయితే మన పద్ధతిలోనూ లొసుగు ఉంది. ఎంపికలకు ముందు పేరుకు మాత్రం చేర్చుకున్న విద్యార్థిని జట్టులోకి వస్తే, ఏడాది పొడవునా ఆ బడి మైదానంలో సాధన చేసిన అమ్మాయి చోటు పోతుంది. హాజరు పట్టీని కూడా అడిగి చూస్తే ఈ అన్యాయం చాలావరకు తగ్గుతుంది.

మరొక సంగతి గమనించండి. సరిహద్దు దాటి చదివిన సంవత్సరాలు తరువాత ఉన్నత విద్యా ప్రవేశాలలో స్థానికతను నిర్ణయించేటప్పుడు కూడా లెక్కకు వస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: తండ్రి ఉద్యోగ బదిలీ వల్ల నవంబరులో తిరువూరు నుంచి ఖమ్మం వెళ్లిన అండర్-17 క్రీడాకారిణికి పై రెండు పద్ధతులలో ఏమి జరుగుతుంది?